మూడు కొడితే బుధవారం

ఆమె మూడు కొట్టింది. తెర మీద బుధవారం ఒక్కటే రావాలి. దాని వెనకాలే గురు, శుక్ర, శని, ఆదివారాలు కూడా వరసకట్టి దిగాయి.

కంప్యూటరు క్లాసులో మిగతా పదకొండు మంది, నంబరు కొడితే వారం పేరు చూపించే ఆ లెక్క ముగించి వెళ్లిపోయారు. బస్సు కండక్టరుగా రిటైరైన ఈవిడ మాత్రం కుర్చీ వదల్లేదు. ఆమె కోడలు పచ్చి బాలింత. క్లాసులు తప్పితే పరీక్ష రాయనివ్వరని కోడలు దిగులుపడుతుంటే, తనే వెళ్లి నేర్చుకొచ్చి చెబుతానని మాటిచ్చింది.

మాస్టారిది ఆమె కొడుకు వయసు. బోర్డు మీదున్నది రాసుకెళ్తే సరిపోతుంది కదమ్మా అన్నాడు. కాదూ కూడదంటే నంబరుకు తగ్గ వారాన్ని ఎంచే స్విచ్‌ను పక్కన పెట్టి, 'ఒకటైతే సోమవారం' అంటూ ఏడు ఇఫ్‌లు రాసేసి గట్టెక్కమన్నాడు.

"స్విచ్‌తోనే చెయ్యమన్నారు కదా బాబూ. నాకు రానిది ఆ పిల్లకేం చెప్తాను?"

మాస్టారు తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

ఆమె తెరను మళ్లీ పైనుంచి చదివింది. సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు. అంటే మూడు కొడితే నేరుగా బుధవారం రాసిన మూడో కేసు దగ్గరికే వెళ్తోంది. ఎక్కడం సరిగ్గానే ఎక్కుతోంది, దిగడమే తెలియడం లేదు. స్టాపు వచ్చినా కండక్టరు విజిల్ వేయకపోతే బస్సు ఎందుకాగుతుంది? ఆఖరి స్టాపు దాకా పోతుంది.

నోట్సు తిరగేసింది. మూడో పేజీలో, తనే రాసుకుని గమనించని మాట కనిపించింది: బ్రేక్. ఒక్కో వారం పేరు కింద ఒకటి చొప్పున ఏడుసార్లు టైపు చేసింది. ఒకచోట సెమికోలన్ మరిచిపోతే మిషను మొరాయించింది. వెతికి పెట్టింది. మళ్లీ మూడు కొట్టింది.

బుధవారం. ఒక్కటే.

ఇంటికి వెళ్లి, చెప్పులు విడిచీ విడవకముందే పాఠం మొదలుపెట్టింది. బిడ్డను ఒళ్లో జోకొడుతూ కోడలు శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక మెల్లగా అడిగింది.

"మరి ఎవరైనా ఎనిమిది కొడితే, అత్తయ్యా?"

ఆ సంగతి తనకెందుకు తట్టలేదా అని అత్తగారికి తన మీదే ఒళ్లు మండింది. రేపు చెప్తానని లేచిపోయింది.

మర్నాడు క్లాసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఆమే ఉంది. ఏ కేసుకూ అందని నంబరు కోసం డిఫాల్ట్ అని ఒకటుంటుందని పుస్తకంలో తనే వెతికి పట్టుకుంది. ఎనిమిది కొట్టింది. 'అలాంటి రోజు లేదు' అని తెర మీద పడింది. మాస్టారు వచ్చి చూసి, నిన్న ముందే వెళ్లిపోయిన వాళ్లలో ఒక్కరూ ఈ పని చేయలేదన్నాడు.

ఆ వారాంతంలో గుమస్తా హాల్ టికెట్లు పంచాడు. చేతికొచ్చినదాన్ని చూసి ఆమె కంగారుగా కౌంటరు దగ్గరికి వెళ్లింది.

"బాబూ, పొరపాటైంది. ఇందులో మా కోడలి పేరుండాలి. నా పేరూ నా ఫొటో పడ్డాయి."

గుమస్తా ఫైలు తెరిచి, కోర్సులో చేరినప్పటి దరఖాస్తును ఆమె వైపు తిప్పాడు.

విద్యార్థిని పేరు దగ్గర ఆమె పేరే ఉంది. సంరక్షకురాలి గడిలో కోడలి సంతకం.