గీత జరిగిన ఏడాది

“నిజం చెప్పు. గీత ఎక్కడుంది?” వైర్‌లెస్‌లో భర్త గొంతు గరగరలాడింది.

ఆమె ఒళ్లో ఉన్న పటం చూసింది. వెచ్చని నీళ్లూ చల్లని నీళ్లూ ఒరుసుకునే చోటే గీత. మేత అక్కడే, చేపలూ అక్కడే. ఎండాకాలంలో పైనీళ్లన్నీ ఒకేలా కాగి అది మాసిపోతుంది. చలికాలానికి తేరుకుని ఒడ్డుకు దగ్గర్లోని తెల్లరాయి పక్కకు చేరుతుంది. మామూలు ఏడాదైతే.

“దీవి అవతల. ఇది సముద్రం వేడెక్కిన ఏడాదండీ. నాలుగైదేళ్లకోసారి ఇంతే, గీత దూరం జరుగుతుంది.”

“చలికాలంలో గీత తెల్లరాయిని వదిలిపోతుందా? నన్నటు తోలేసి, రాయి మీ అన్నకి అప్పజెబుదామనా? ఇంట్లో కూర్చుని ఎన్నైనా చెబుతావు!”

పడవల సంఘం పెద్దరికం ఈ సాయంత్రంతో తేలిపోతుంది. తూకానికి ఎక్కువ చేప తెచ్చిన పడవదే. పోటీ భర్తకీ, అన్నకీ. మిగతా పడవలన్నీ గొర్రెల్లా వీళ్ల వెనకే. భర్త నెగ్గితే పుట్టింటి గడప తొక్కనివ్వరు. అన్న నెగ్గితే మెట్టినింట్లో ఏడాదంతా మూతి విరుపులే.

“ఎవడు నెగ్గినా నలిగేది మనమే,” అన్నారు అత్తగారు, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

అంతలో వైర్‌లెస్‌లో అన్న. “చెల్లాయ్, నాకైనా నిజం చెప్పవే.”

“దీవి అవతల, అన్నయ్యా.”

“బావ నేర్పిన చిలకపలుకులా? అంటే చేప తెల్లరాయి దగ్గరే ఉందన్నమాట!”

“ఒట్టు!”

“పెళ్లయ్యాక ఆడపిల్ల ఒట్లన్నీ మొగుడి పక్షమే,” అని పెట్టేశాడు.

“ఇద్దరికీ నిజమే చెప్పానత్తయ్యా.”

“అందుకేగా నమ్మలేదు,” అన్నారు అత్తగారు, కొంగు బిగిస్తూ.

ఆ తర్వాత మధ్యాహ్నందాకా అత్తాకోడళ్లకు ఊపిరాడనంత పని.

ఉన్నట్టుండి రెండు గొంతులూ ఒకేసారి.

“మీ అన్న ఇక్కడే తగలడ్డాడు!”

“మీ ఆయన నా వల మీద వల వేశాడు!”

“మరి చేపలు?”



“నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి,” అన్నాడు భర్త నీరసంగా. “ఒక్క పొలుసు లేదు.”

“పోనీ, దీవి అవతలికి వెళ్లండి.”

“ఇప్పుడా? తూకం వేళ దాటిపోదూ! పోనీలే, మీ అన్నా నెగ్గలేదు. నాకదే చాలు.”

“నాకూ అదే చాలు బావా,” అన్నాడు అన్న. ఏళ్ల తర్వాత ఇద్దరూ కలిసి నవ్వారు. “పెద్దరికం సంగతి తర్వాత చూద్దాం. చెల్లాయ్, టీ పెట్టి ఉంచు, ఇద్దరం వస్తున్నాం.”

“అలాగే అన్నయ్యా. నిదానంగానే రండి.”

ఆమె అత్తగారి వైపు చూసి తలూపింది.

దీవి అవతల, అత్తగారు చేపలతో నిండిన పడవను ఒడ్డువైపు తిప్పారు.