గోడ రుచి చూసిన మనిషి

ముసలాయన గోడ పగులును గోటితో గీకి, రాలిన పెచ్చును నోట్లో వేసుకోవడం నళిని కళ్లారా చూసింది.

"ఏం చేస్తున్నవ్ తాతా?"

"రుచి చూస్తున్ననమ్మా."

మాసిన ధోవతి, తెగిన చెప్పులు. ఆకలికి మనుషులు మట్టి తింటారని వినడమే గానీ చూడడం ఆమెకు అదే మొదలు.

"జర లోపలి గోడ గూడ చూడనిస్తవా బిడ్డా?"

"వద్దులే తాతా. గీడనే కూసో, అన్నం తెస్త."

నాంపల్లి ఒక ఊరుగా ఉన్న రోజుల్లో ఆ ఇల్లు మున్సిఫ్ కోర్టు. జడ్జి కూర్చున్న గద్దె మీద ఇప్పుడు నళిని కుట్టుమిషన్ ఉంది. బోనులో ఆవకాయ జాడీలు శిక్ష అనుభవిస్తున్నాయి. నిలువెత్తు తలుపులు, మూడడుగుల మందాన, గానుగలో రుబ్బిన డంగు సున్నంతో కట్టిన గోడలు. చెమ్మ వస్తోందని పోయినేడు ఆ గోడలకు సిమెంటు పూయించింది. అదే ఆమె చేసిన పొరపాటు. తడి లోపలే చిక్కుకుని గోడలు ఉబ్బి పగిలాయి. చివరికి మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. రెండు నెలల్లో బాగు చేయించాలి, లేదంటే కూల్చేయాలి.

ఏ మేస్త్రిని పిలిచినా, డంగు సున్నం పని ఇప్పుడెవరికొచ్చు, కూల్చి కట్టుకోండి అన్నాడు. పాత కట్టడాలను కాపాడే సంస్థ ఒకటుందని తెలిసి, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు వెళ్లి ఫోటోలతో సహా ఉత్తరం రిజిస్టరు చేసింది. ఆ జవాబు కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

ముసలాయన మెట్టు మీద కూర్చుని పప్పన్నం తృప్తిగా తిన్నాడు.

"గోడకు ఊపిరాడుతలేదమ్మా," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"ఔ తాతా, పైలంగ పో."

పాపం, మతి కూడా సరిగ్గా లేదనుకుని గేటు గడియ పెట్టింది.

రెండు నెలలూ పోస్ట్‌మన్‌ని అడుగుతూనే ఉంది. ఉత్తరం రాలేదు. జేసీబీ వచ్చింది.

ఇల్లు మట్టిదిబ్బయిన నాలుగో రోజు ఆ సంస్థ ఇంజనీరు ప్రహ్లాద్ వచ్చాడు. దిబ్బను చూసి నిలబడిపోయాడు.

"గింత తొందరపడ్డరేంది మేడం?"

"మీరు జవాబియ్యకపాయె. నేనేం జెయ్యాలె?" అంది నళిని.

"ఉత్తరానికి బదులు మనిషినే పంపినం గదా. ఇంటామె లోపలికి రానియ్యలే, ఇల్లు నిలపాలని లేనట్టుందని చెప్పిండు. మేం గూడ గట్లనే అనుకున్నం, అయినా ఒక్కపారి మిమ్మల్నే అడుగుదామని వచ్చిన."

"ఎవరు రాలే సార్. ఒక్క..." ఆమె చూపు మెట్టు ఉండిన చోటికి మళ్లింది. "గాయనకు ఆకలైతుందనుకున్న."

ప్రహ్లాద్ తల వంచుకున్నాడు.

"సున్నంల ఏమేం కలిపిన్రో నాలుక మీద ఏసుకుంటనే చెప్పేటోడు బీరయ్య మేస్త్రి. చేతులు వణుకుతున్నయని ఎప్పుడో పని మానేసిండు. మీ ఇంటి ఫోటోలు చూసి, గీ ఒక్కటి చేస్తనని తనే లేచిండు. ఉత్తరం రాసినామెకు ఎరుకే ఉంటదనుకుని తనెవరో చెప్పి ఉండడు."

నళిని దిబ్బలోంచి ఒక సున్నపు పెచ్చు చేతిలోకి తీసుకుంది.

"డంగు సున్నం పని తెలిసినోళ్లల్ల ఈ పట్నంల మిగిలింది ఆయనొక్కడే మేడం."