ఎదుటి విస్తరి

బస్సు ఏన్కూరులో ఆగింది.

"అన్నం తినేటోళ్లు తినిరాండ్రి. జల్దీ!" అన్నాడు కండక్టరు.

ఖమ్మంలో, కొత్తగూడెంలో పేరు తెచ్చుకున్న శబరి విలాస్ వాళ్లు ఆ ఏడే ఏన్కూరు రోడ్డు మీద కొత్త బ్రాంచి తెరిచారు. ఎనభైల నాటి ఆ రోడ్డు మీద మొజాయిక్ బల్లలు, నెత్తిన తిరిగే ఫ్యాన్లు ఉన్న హోటలు అదొక్కటే. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు: 'లోపముంటే మాకు చెప్పండి. బాగుంటే పదిమందికి చెప్పండి.'

సీతారావమ్మ కొడుకును చంకనేసుకుని దిగింది. భద్రాచలంలో వాడికి పుట్టెంట్రుకలు తీయించాలి. కొత్తగూడెంలో వాడి కాన్పప్పుడు ప్రాణం మీదికొస్తే, వరంగల్ తీసుకుపోయాక ఆమె చావు తప్పించుకుని బయటపడింది. అప్పటి మొక్కు అది.

"నువ్వు తినిరాపో బిడ్డా. మొక్కు తీరేదాక నాకు ఒక్కపొద్దే," అంటూ అత్తగారు సామాన్ల దగ్గరే ఉండిపోయింది.

లోపల కొడుకును పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని సీతారావమ్మ సాంబారన్నం కలుపుకుంటుండగా, ఎదుటి కుర్చీలో ఒక లంబాడామె వచ్చి కూర్చుంది. అద్దాల రవిక, చేతుల నిండా గాజులు, భుజాన చిన్న గుడ్డమూట.

ఆమెకూ విస్తరి వేశారు. అన్నం పెట్టారు. ఆమె ముద్ద ఎత్తలేదు. పిల్లాడినే చూస్తోంది.

సీతారావమ్మ వాడిని కొంగు చాటుకు లాక్కుంది.

"బలంగ ఉన్నడమ్మా," అందామె.

దిష్టి తగులుతుందేమోనని సీతారావమ్మ వాడి ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.

"పేరేం పెట్టిన్రు?"

సీతారావమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది.

"పండ్లొచ్చినయా?"

"నీకెందుకమ్మా అవన్ని? నీ అన్నం నువ్వు తిను."

ఆమె తల వంచుకుంది. కాసేపటికి మళ్లీ వాడి వైపే చూడసాగింది.

పెరుగు వచ్చింది. సీతారావమ్మ అటు తిరిగింది. అంతలో పిల్లాడు కుర్చీ దిగి, బల్ల కింద నుంచి దోగాడుకుంటూ అవతలికి చేరాడు. లంబాడామె వాడిని ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. కళ్లు మూసుకుంది.

సీతారావమ్మ చూసేసరికి పక్కన కొడుకు లేడు.

"నా కొడుకు! పిల్లగాన్ని ఎత్తుకపోతుంది, పట్టుకోండ్రి!"

హోటలంతా లేచి నిలబడింది. గల్లాపెట్టె దగ్గరున్న మేనేజరు చెంచురామయ్య ఉరుకున వచ్చి, బిడ్డను ఆమె చేతుల్లోంచి గుంజి తల్లికిచ్చాడు.

"నేను యాడికీ పోతలేనయ్యా. కూసోనే ఉన్న."

నిజమే. ఆమె కుర్చీలోంచి లేవనైనా లేదు.

"మూటల ఏమున్నయో చూడుండ్రి," అన్నారెవరో.

చెంచురామయ్య అడగకముందే ఆమె మూట విప్పి బల్ల మీద పరిచింది. ఒక దువ్వెన. కాసిన్ని పుట్నాలు. వెలిసిపోయిన చిన్న గౌను. అంతే.

గౌను తన కొడుకు ఈడు పిల్లది. సీతారావమ్మ ముఖం తిప్పుకుంది. తప్పు చేశానని తెలుస్తూనే ఉంది. ఆ మాట నలుగురి ముందు నోటికి రాలేదు.

"మర్యాదస్తులొచ్చే హోటలిది. లెవ్. బయట కూసొని తిను పో," అన్నాడు చెంచురామయ్య.

"టోకెను నేను గూడ తీసుకున్న గదయ్యా."

"మా కస్టమర్లు భయపడుతున్నరు. లెవ్!"

ఆమె సీతారావమ్మ వంక చూసింది, ఒక్క మాట సాయం వస్తుందేమోనన్నట్టు.

సీతారావమ్మ కొడుకు తల నిమురుతూ కూర్చుంది.

ఆమె మూట కట్టుకుంది. ముట్టని విస్తరిని తానే మడిచింది.

"పిల్లగాడు సల్లగుండాలె తల్లీ," అని, వెనక వాకిట్లోంచి వెళ్లిపోయింది.

"ఇగ నిమ్మళంగ తినుండ్రమ్మా," అంటూ చెంచురామయ్య ఇంకో అప్పడం వేయించాడు.

సీతారావమ్మ దాన్ని ముట్టుకోలేదు. చెయ్యి కడుక్కుని బస్సు దగ్గరికి నడిచింది.

అత్తగారు సంబరంగా ఎదురొచ్చింది.

"చాంది వచ్చిందా? పిల్లగాన్ని ఎత్తుకున్నదా?"

"చాందెవరత్తమ్మా?"

"లంబాడామె. నన్ను చూసి ఉరికొచ్చింది పాపం. పిల్లగాన్ని ఒక్కసారి చూస్తనన్నది. మా కోడలి ముంగట కూసొని అన్నం తినుకుంట చూడమని నేనే లోపటికి పంపిన."

సీతారావమ్మ హోటలు వైపు తిరిగి చూసింది.

"నేను... దొంగ అనుకున్న అత్తమ్మా. అందరు కలిసి లేపిన్రు. తినకుండనే పోయింది."

అత్తగారు హోటలు వెనక్కి పరుగెత్తింది. బిడ్డనెత్తుకుని సీతారావమ్మ వెంటపడింది.

"ఆమెనా? చండ్రుగొండ దిక్కు పోయే ట్రాక్టరెక్కింది," అంది పెరట్లో అంట్లు తోముతున్న మనిషి.

రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఫలానా అని ఒక్క మాట చెప్పకపోయిందా అత్తమ్మా!" అంది సీతారావమ్మ.

"చెప్పదు. నేనే ఒట్టేయించుకున్న." అత్తగారు తలెత్తలేదు. "నలుగురు ఏమంటరోనని నీకు గూడ దాచిన. డబ్బా పాలు తాపినమని అబద్ధమాడిన. అవి వీడికి పడలే."

బస్సు హారను మోగింది. ఇద్దరూ కదల్లేదు.

"నువ్వు వరంగల్ దవాఖానాల సోయి లేకుండ పడున్నన్నాళ్లు, కొత్తగూడెం దవాఖానాల మా పక్క మంచం మీద, తన బిడ్డ ఏడుస్తున్నా ముందుగాల వీణ్ణి రొమ్ముకేసుకున్న తల్లి ఆమెనే."