తక్కువ గాలికి బోర్డు

“కడపకు సముద్రం ఎప్పుడొచ్చిందప్పా?”

వసారాలో మంచం మీద కూర్చున్న మనిషి భూపేష్‌ని ఎగాదిగా చూస్తూ అడిగాడు. లోపల మిక్సీ మోగుతోంది.

“వసారాలోనే ఉండాది, వచ్చి చూసుకోప్పా” అని, అమ్మకానికి పెట్టిన పాత సర్ఫింగ్ బోర్డు గురించి నిన్న ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి చెప్పింది. ఆ మాట మీద భూపేష్ కడపలో తెల్లారకముందే బస్సెక్కి నందికొట్కూరు వచ్చాడు. బోర్డు గోడకు ఆనించి ఉంది. ముందు మొన, వెనక తోక, అడుగున మూడు రెక్కలు.

“అక్కా!” అని పిలిచాడు.

“లోపల పనిలో ఉండాది. నాతో చెప్పు.”

“నడుముకు పెద్ద గాలిపటం కట్టుకొని, బోర్డెక్కి అలల మీద పోయే ఆటన్నా. సెలవు దొరికితే నెల్లూరు పక్క సముద్రానికి పోతాంటా. ఆడ గాలి శానా తక్కువ. నా చిన్న బోర్డు మునిగిపోతాంది. నా జతగాళ్లంతా నీళ్లలో ఉంటే నేను ఒడ్డున కూర్చొని చూస్తాండా.”

“చూసేదే మేలు. ఒళ్లు నొయ్యదు” అన్నాడా మనిషి. “ఇది డైరెక్షనల్. ఎట్లంటే అట్ల పోదు, మొన ముందుకే పోవాల. మళ్లుకునేటప్పుడు కాళ్లు మార్చుకోవాల. నీకొస్తాదా?”

“నేర్చుకుంటానన్నా.”

“నేర్చుకుంటాడంట! తక్కువ గాలికి వెడల్పుండాల, మందముండాల. ఇదేముండాది, అప్పడం! నీ ఒంటికి ఆగుతాదా?”

భూపేష్ కంటికి అది వెడల్పుగానే కనిపించింది. ఏడాదిగా ఇలాంటి దానికోసమే వెతుకుతున్నాడు.

“వేలితో నొక్కు. మెత్తగా లేదూ? లోపల నీళ్లు తాగింది.”

నొక్కాడు. రాయిలా ఉంది. ఆ వెటకారపు చూపు ముందు మాత్రం తన వేలి మీద తనకే నమ్మకం పోయింది.

“కొంచెం మెత్తగానే ఉండాదన్నా.”

“చెప్తే గానీ తెలీదు నీకు! అలలో ఇది ఇరిగితే నిన్నెవురెత్తుకొస్తారు? పోయి మిద్దె మీద గాలిపటం ఎగరేసుకోప్పా.”

భూపేష్‌కు ఒళ్లు మండింది. అయినా, అమ్ముకునే సరుకులో లోపం తానే చూపించేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? నోరు చెడ్డదైనా మనిషి నిజాయితీపరుడనుకున్నాడు. దండం పెట్టి, వట్టి చేతులతో వచ్చేశాడు.

బస్సు నంద్యాల చేరేసరికి ఫోను మోగింది.

“ఏమప్పా, వస్తాండావా? ఇంక రావద్దని చెప్దామని చేస్తి.”

“వచ్చి పోతినక్కా. బోర్డు బాగలేదని మీ ఆయనే చెప్పె.”

“మా ఆయన గోవాలో ఉంటే నీకెట్ల చెప్పె?”

భూపేష్ సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

“మరి వసారాలో కూర్చున్నాయన?”

“బోర్డు కొనుక్కుపోయింది ఆయనేనప్పా.”