ఎనిమిదింటి లెర్నరు

“పర్వాలేదండీ. ఆగితే ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేయండి.”

కిటికీ అవతల నుంచి ఆ మాట వినబడగానే, డ్రైవింగ్ స్కూల్ రిసెప్షన్‌లో ఉన్న సిస్టర్ పెన్ను వదిలేసి లేచి నిలబడింది. ఆమె నర్సు కాదు, కాన్వెంటు మనిషీ కాదు. ప్రార్థన చేసుకోకుండా కంప్యూటరు కూడా ఆన్ చేయదని అందరూ అలా పిలుస్తారు, అంతే.

కారు గేటు దగ్గరే మళ్ళీ ఆగిపోయింది. స్టీరింగు వెనక ఒక కొత్తావిడ. పక్క సీట్లో ఉన్నది, నమ్మాలో వద్దో గాని, పటాసు మాస్టారు.

ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. క్లచ్ మీద కాలు సరిగ్గా పడకపోతే చాలు, ఆయన అరుపుకు వీధి చివర పడుకున్న కుక్కలు కూడా లేచి కూర్చునేవి. పోయినేడు ఒక బ్యాంకు ఉద్యోగి తాళంచెవి ఆయన ఒళ్ళో పడేసి, “నాకు బస్సు చాలు సార్” అని దిగిపోయాడు. మనిషి మాత్రం మంచివారు, పాపం. అరిచిన ప్రతిసారీ మొహం వేలాడేసుకుని వచ్చి, “సిస్టర్, నా కోపం గురించి కాస్త ప్రార్థన చేయండి” అనేవారు. సిస్టర్ ఏళ్ళ తరబడి చేస్తూనే ఉంది.

ఇన్నాళ్ళకు దేవుడు విన్నాడు. కాని ఒక్క గంటకే విన్నాడు! ఎనిమిదింటికి వచ్చే ఈవిడ దగ్గర మాస్టారు వెన్నముద్ద. తొమ్మిదింటికి వచ్చే లెక్చరరు గారి దగ్గర మళ్ళీ పటాసే. ఇదేం లెక్కో సిస్టర్‌కు అంతుపట్టలేదు.

ఆవిడ నోరు విప్పితే కదా ఏమైనా తెలిసేది. ఫోను, బ్యాగు ఆఫీసులో వదిలాకే లెర్నర్లు కారెక్కాలని స్కూలు రూలు. ఆవిడ వస్తుంది, జిప్పు పోయి పిన్నీసు పెట్టిన బ్యాగు బల్ల మీద ఉంచుతుంది, నవ్వుతుంది, వెళ్ళిపోతుంది. సిస్టర్ దాన్ని సొరుగులో పెడుతుంది. చేరిన రోజు ఆవిడ ఫారం నింపి తన దగ్గరే ఉంచుకున్నది మాస్టారే. ఫీజు కట్టిందీ మాస్టారే.

ఒకరోజు సిస్టర్ ఇక ఉండబట్టలేక అడిగేసింది.

“ఎవరండీ ఆవిడ?”

“లెర్నరే సిస్టర్.”

“మిగతావాళ్ళూ లెర్నర్లేగా? మరి వాళ్ళనెందుకు కాల్చుకు తింటారు?”

మాస్టారు టీ గ్లాసులోకి చూస్తూ నవ్వారు. “ఓర్పు ఇమ్మని దేవుణ్ణి ఊరికే విసిగించకు, ఎక్కడ పోగొట్టుకున్నావో అక్కడికెళ్ళి వెతుక్కో అన్నారు మా పాస్టరు గారు. వెతుక్కుంటున్నాను.”

పోగొట్టుకున్నది స్టీరింగు దగ్గరేగా, అనుకుంది సిస్టర్.

“మరి మీ ఇంటావిడకు నేర్పలేదా?”

ఆయన నవ్వు మాయమైంది. “ఒక్కరోజు నేర్పాను. నేను అరిచిన అరుపుకి నడిరోడ్డు మీద డోరు తీసుకుని దిగిపోయింది. ఇంటిదాకా ఏడ్చుకుంటూ నడిచింది. మళ్ళీ నీ పక్కన స్టీరింగు పడితే ఒట్టు అంది.”

“సారీ చెప్పలేదా?”

“చెప్పాను. మాటలు చాలు అంది.”

సిస్టర్ మనసు చివుక్కుమంది. ఆ ఇల్లాలిని ఆమె ఎన్నడూ చూడలేదు. వాళ్ళ చర్చి వేరు, తన చర్చి వేరు. ఒకసారి మాస్టారు తన ఫోను పాడైతే భార్య నంబరు ఇచ్చారు, అంతవరకే. అయినా ఆ ఏడుపు తన కళ్ళముందే జరిగినట్టు అనిపించింది. కట్టుకున్నామెను రోడ్డు మీద ఏడిపించి, ఈవిడకేమో ‘అండీ’లూ, ‘పర్వాలేదు’లూనా?

అప్పటినుంచి ఆమె కళ్ళు ఊరుకోలేదు. ఎనిమిదింటికి ముందు మాస్టారు చొక్కా నలగదు. సీటు స్వయంగా తుడుస్తారు. నీళ్ళ సీసా సర్దుతారు. కారు తీయబోయే ముందు కళ్ళు మూసుకుని, “ప్రభువా, ఈ గంట నా నోరు నువ్వే చూసుకో” అని గొణుక్కుంటారు. దేవుణ్ణి కూడా ఇందులోకి లాగాడా ఈ మనిషి, అని సిస్టర్‌కు ఒళ్ళు మండింది. కాని తొందరపడి ఎవరినీ తప్పుపట్టకూడదు. ఓర్చుకోవే, ఓర్చుకో, అని తనకు తానే చెప్పుకుంది. నాలుక దురదపెడుతున్నా ఎవరితోనూ అనలేదు.

ఆ శనివారం ఎప్పటిలాగే బ్యాగు సొరుగులో పెట్టి, ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. కారులో ఆవిడ పక్కకు వంగి, చేయి చాపి, మాస్టారు కాలరు సరిచేసింది. ఆయన సిగ్గుపడ్డారు. పటాసు మాస్టారు సిగ్గుపడటమేమిటి! ఇద్దరూ పకపకా నవ్వారు. కారు ఎక్కడా ఆగకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

సిస్టర్ ఓర్పు అక్కడితో సరి.

వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆఫీసులో ఇంకెవరూ లేరు. “ప్రభువా, ఇది చాడీ కాదు, ఒక సంసారం నిలబెట్టడం. తప్పయితే నువ్వే ఆపు” అని, మాస్టారు భార్య నంబరు నొక్కింది. ఏమని మొదలుపెట్టాలి? ‘అమ్మా, నేనెవరో మీకు తెలీదు గానీ...’

రింగు వెళ్ళింది.

సొరుగులో, పిన్నీసు పెట్టిన బ్యాగు మోగింది.