నాగులు గెలిచిన దావా

అప్పీలు తీర్పు నాగులు వైపే వచ్చింది. తమ్ముడితో పొలం గట్టు తగాదా ఇరవై రెండేళ్లకు ముగిసింది. లాయరు హెలెన్ కొత్తగా నల్లకోటు వేసుకున్న ఏడాది పట్టిన కేసది. ఆమె మార్కాపురం కోర్టు వరండాలో బల్ల మీద కూలబడింది. సంతోషం కన్నా అలసటే ఎక్కువగా ఉంది.

“మా తమ్ముడు హైకోర్టుకు పోతాడంటావా అమ్మా?” అడిగాడు నాగులు.

“పోడంట. ఇంక ఓపిక లేదని వాళ్ల లాయరుతో చెప్పినాడంట. నువ్వు నిబ్బరంగా ఊరికి పో పెద్దయ్యా.”

నాగులు కదల్లేదు.

“ఎట్లన్నా వాణ్ణి హైకోర్టుకు పొమ్మని చెప్పించు తల్లీ,” అన్నాడు మెల్లగా. “ఈ గొడవతోనే వాడు ఊరిడిచి గిద్దలూరు పోయినాడు. మాకు మాటల్లేవు. వాయిదాకొస్తేనే గదా, నేను వాణ్ణి చూసేది.”