చివర కత్తిరించిన క్లిప్పు

సైన్సు మాస్టారి ఊపిరి పోయింది ఆసుపత్రిలో. ఆయన గొంతు పోయింది మాత్రం బడి హాల్లో, సంస్మరణ సభ రోజున.

తెర మీద ఆయన ఫొటోలు ఒక్కొక్కటే వచ్చి వెళ్ళాయి. ఆఖరి స్లైడులో ఆయన పిల్లలతో మాట్లాడిన వీడియో రావాలి. దాని బదులు నల్లటి చదరం ఒకటి వచ్చి నిలబడిపోయింది. కంప్యూటరు టీచరు ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

ముందు వరుసలో ఉన్న ఆయన భార్య, తెలుగు టీచరమ్మ, ఆ క్లిప్పును ఇంతవరకు చూడలేదు. ఒంటరిగా చూసే ధైర్యం లేక ఈ రోజు కోసం అట్టేపెట్టుకుంది. పరీక్షలని ఆమె బడిలో ఉంటే ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉన్నది చెల్లెలు. క్లిప్పు తీసిందీ, స్లైడులు కూర్చిందీ ఆ పిల్లే. ఆపరేషను చేసినా లాభం లేదని డాక్టరన్న కబురు మోసుకొచ్చిందీ ఆ పిల్లే. అది విని టీచరమ్మ వరండాలో పదిమంది ముందు డాక్టరును పట్టుకుని చేతకానివాడివంది, నోటికొచ్చినవన్నీ అంది. అతను తల వంచుకుని విన్నాడు తప్ప మారు మాట్లాడలేదు.

స్లైడులో క్లిప్పు లేదనీ, అది ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉందనీ కంప్యూటరు టీచరు తేల్చింది. అసలుది ఇంటి కంప్యూటరులో ఉండిపోయింది. నీ ఫోనులో ఉందా అని చెల్లెలిని అడిగింది.

"ఫొటోలు చాల్లే అక్కా," అంది చెల్లెలు.

"ఫోనియ్యవే."

ఇచ్చింది. క్లిప్పును స్లైడులోకి ఎక్కిస్తే హాల్లోని పాత కంప్యూటరుకు ఆ రకం వీడియో కొరుకుడు పడలేదు. చివరికి కంప్యూటరు టీచరు స్లైడుల జోలి మానేసి, ఫోనునే తీగతో ప్రొజెక్టరుకు తగిలించింది.

చెల్లెలు గబుక్కున లేచింది. "అలా వద్దండీ. నేను చివర కత్తిరించాను."

"స్లైడులో కత్తిరిస్తే ఫోనులోది తెగదండీ. ఇందులో మొత్తం ఉంటుంది."

"ఉండనియ్యవే," అంటూ టీచరమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఎంత ఉంటే అంత విందాం."

మంచం మీద మాస్టారు నవ్వారు. "నేను లేను కదా అని ల్యాబులో గాజు గొట్టాలు పగలగొట్టకండిరా. పైనుంచి చూస్తూనే ఉంటాను."

హాలంతా నవ్వింది. టీచరమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చెల్లెలు మాత్రం ఆమె చేతిలోంచి తన చెయ్యి లాక్కోబోయింది.

తెర మీద ఆయన అడిగారు, "ఆపేశావా?"

"ఆ, ఆపేశా బావా." ఫోను వెనక నుంచి చెల్లెలి గొంతు. బొమ్మ పక్కకు వాలిపోయి దుప్పటి అంచు మాత్రం కనిపిస్తోంది.

"ఆపరేషను చేస్తే బతుకుతానంటున్నాడమ్మా డాక్టరు. మళ్ళీ కోయించుకునే ఓపిక నాకు లేదు. వద్దని సంతకం పెట్టేశాను. మీ అక్కకు మాత్రం ఆయనే లాభం లేదన్నాడని చెప్పు. నోరు విప్పనని ఆయన దగ్గర కూడా మాట తీసుకున్నాను."

"సరే బావా."

టీచరమ్మ చెల్లెలి చెయ్యి వదిలేసింది.

ఆ డాక్టరుకు ఆమె ఇంకా క్షమాపణ చెప్పలేదు.